పీడనానికి రెండు వైపులు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పీడనం గురించే. ట్యాంకు, పంపు, కుక్కర్, టైరు, రక్తపోటు, గ్యాస్ సిలిండర్ అంటూ వస్తువులు వేరైనా చిక్కు దాదాపు ఒకే చోట పడుతోంది. పీడనాన్ని ఒకవైపే చూస్తున్నాం. గోడకో, మూతకో, గొట్టానికో అవతల ఎంత ఉందో కూడా అడిగితేగాని లెక్క తేలదు. కింది జవాబులన్నిటికీ పనికొచ్చే విలువ ఒకటి గుర్తుంచుకోండి. సముద్రమట్టం దగ్గర వాతావరణ పీడనం 101.3 కిలోపాస్కల్‌లు. అంటే సుమారు 1 బార్, 14.7 పీఎస్ఐ, 760 మిల్లీమీటర్ల పాదరసం, 10.3 మీటర్ల నీళ్లు. పేర్లు ఎన్నైనా పీడనం ఒకటే.

ప్రశ్న: బలం, పీడనం వేరువేరని పుస్తకంలో ఉంది. గట్టిగా నొక్కితే రెండూ పెరుగుతాయి కదా, మరి తేడా ఎక్కడ? వాతావరణం మన మీద చదరపు మీటరుకు పది టన్నుల బలంతో నొక్కుతుంటే ఎందుకు నలిగిపోవడం లేదు?

జవాబు: బలాన్ని అది పనిచేసే వైశాల్యంతో భాగిస్తే వచ్చేది పీడనం. చదరపు మీటరు మీద ఒక న్యూటన్ బలం ఉంటే ఒక పాస్కల్. తేడా చూడాలంటే రెండు సిరంజిలు తీసుకోండి. బొటనవేలితో రెండింటినీ ఒకేలా, 20 న్యూటన్‌ల బలంతో నొక్కుతున్నారనుకుందాం. లోపలి వ్యాసం 15 మిల్లీమీటర్లున్న సిరంజిలో పిస్టన్ వైశాల్యం 1.77 చదరపు సెంటీమీటర్లు, కాబట్టి పీడనం 113 కిలోపాస్కల్‌లు. వ్యాసం 4.7 మిల్లీమీటర్లున్న సన్న సిరంజిలో అదే బలం 1150 కిలోపాస్కల్‌లు పుట్టిస్తుంది. వేలికి తెలిసే ఒత్తిడి ఒకటే, లోపలి ద్రవం మీద పడేది పదింతలు. సన్నని గొట్టంలో అడ్డు పడినప్పుడు చిన్న సిరంజితో తోస్తే గొట్టమే పగిలే ప్రమాదం ఉందనేది ఇందుకే.

రెండో ప్రశ్నకు జవాబు చిన్నది. మన ఊపిరితిత్తుల్లోని గాలి, కణజాలంలోని ద్రవాలు కూడా అదే పీడనంతో బయటికి తోస్తున్నాయి. రెండు వైపులా సమానం కాబట్టి మిగిలేది సున్న. ఒకవైపు తగ్గించి చూడండి, వాతావరణం తన పది టన్నుల సంగతి వెంటనే తెలియజేస్తుంది. పలుచని రేకు డబ్బాలో కొద్దిగా నీళ్లు మరిగించి, గాలంతా ఆవిరితో బయటికి పోయాక పొయ్యి మీదనుంచి దించి, మూత బిగించి, చల్లబరిస్తే డబ్బా దానంతటదే నలిగిపోతుంది. మూత బిగించిన డబ్బాను మాత్రం మళ్లీ పొయ్యి మీద పెట్టకూడదు.

ప్రశ్న: మేడ మీద 500 లీటర్ల ట్యాంకు తీసేసి, అదే దిమ్మె మీద 2000 లీటర్లది పెట్టించాం. షవర్‌లో ధార ఏమాత్రం పెరగలేదు. ట్యాంకు ఇంకా పెద్దది కావాలా?

జవాబు: వద్దు. నిలిచి ఉన్న నీటి పీడనానికి కావలసినవి మూడే: నీటి లోతు, సాంద్రత, గురుత్వ త్వరణం. ఈ మూడింటినీ గుణిస్తే పీడనం వస్తుంది. ఎన్ని లీటర్లు ఉన్నాయన్నది ఇందులో ఎక్కడా లేదు. ట్యాంకులో నీటి పైమట్టం నుంచి షవర్ ముఖం దాకా నిలువుగా కొలవండి. ప్రతి మీటరుకూ 9.8 కిలోపాస్కల్‌లు. మీకు 3 మీటర్లు ఉంటే 29 కిలోపాస్కల్‌లు, అంటే 0.3 బార్. మెత్తని ధారే వస్తుంది. చాలా షవర్లకు, గోడకు బిగించే గీజర్లకు కనీసం ఎంత పీడనం ఉండాలో పెట్టె మీద రాసి ఉంటుంది. కొనేముందు ఆ అంకెను మీ ఎత్తుతో పోల్చుకోండి.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. కుళాయి మూసి ఉన్నప్పుడు పైపు సన్నదైనా లావుదైనా కుళాయి దగ్గర పీడనం ఒకటే. కుళాయి తిప్పాక నీళ్లు కదులుతాయి, కదిలితే ఘర్షణ, ఘర్షణకు కొంత పీడనం ఖర్చు. మిగిలిందే షవర్‌కు అందుతుంది. ఒకే ప్రవాహానికి ఈ నష్టం పైపు లోపలి వ్యాసం మీద చాలా తీవ్రంగా ఆధారపడుతుంది, సుమారుగా అయిదో ఘాతానికి విలోమంగా. 15 మిల్లీమీటర్ల పైపు బదులు 20 మిల్లీమీటర్లది వేస్తే నష్టం నాలుగో వంతుకు పడిపోతుంది. అందుకని ట్యాంకు నుంచి దిగే ప్రధాన పైపును సన్నగా వేసి, చివర్లో ఖరీదైన షవర్ పెట్టినందువల్ల లాభం లేదు.

లోపం ఎక్కడుందో తెలుసుకోవడానికి ఒక పద్ధతి. షవర్ తలను విప్పేసి, ఆ పైపు కింద 10 లీటర్ల బకెట్ పెట్టి ఎన్ని సెకన్లలో నిండుతుందో చూడండి. తల ఉన్నప్పుడు, లేనప్పుడు చాలా తేడా ఉంటే రంధ్రాలు సున్నపు పొరతో మూసుకుపోయాయి. తల తీసినా నీళ్లు సన్నగానే వస్తుంటే అదే అంతస్తులో ఇంకో కుళాయి చూడండి. అది బాగుంటే షవర్‌కు వెళ్లే కొమ్మ పైపులోనో వాల్వులోనో అడ్డం ఉంది. అన్నీ బలహీనంగా ఉంటే ట్యాంకు దగ్గరి గేట్ వాల్వు సగమే తెరిచి ఉందేమో చూడాలి, లేదా ఎయిర్ లాక్.

ఎయిర్ లాక్ అంటే పైపు ఎక్కడో వంపు తిరిగి పైకి లేచి మళ్లీ దిగిన చోట గాలి బుడగ చిక్కుకోవడం. గాలికి బరువు దాదాపు లేదు కాబట్టి అది ఆక్రమించిన నిలువు ఎత్తు మీ నీటి స్తంభంలోంచి తగ్గిపోయినట్టే. 3 మీటర్లలో ఒక మీటరు బుడగకు పోతే మిగిలేది రెండే. ట్యాంకు ఔట్‌లెట్ దాటిన వెంటనే నిలువుగా ఒక గాలి గొట్టం బిగించి, దాని కొసను ట్యాంకు నిండు మట్టానికి పైగా తెరిచి ఉంచితే ఈ బెడద చాలావరకు పోతుంది. దిమ్మెను ఒక మీటరు ఎత్తు పెంచితే ఖచ్చితంగా 0.1 బార్ కలుస్తుంది. అది చాలదనుకుంటే ట్యాంకు దిగువ పైపులో ప్రెషర్ పంపు పెట్టడమే మార్గం.

ప్రశ్న: బావిలో నీళ్లు నేలకు 9 మీటర్ల లోతుకు దిగాయి. గట్టు మీద ఉన్న ఒక హెచ్‌పీ సెంట్రిఫ్యూగల్ పంపు నీళ్లు లాగడం మానేసింది. రెండు హెచ్‌పీది తెచ్చి పెట్టినా అదే పరిస్థితి. లోపం మోటారుదా, పంపుదా?

జవాబు: రెండిటిదీ కాదు. నీళ్లను పంపు లాగదు. లాగడానికి నీళ్లేమీ తాడు కావు. పంపు చేసేదల్లా బావిలోకి దిగిన సక్షన్ పైపులో పీడనం తగ్గించడం. బావి నీటి మీద నొక్కుతున్న వాతావరణమే నీళ్లను పైపులోకి తోసి ఎక్కిస్తుంది. పైపులో పీడనాన్ని పూర్తిగా సున్న చేసినా వాతావరణం తోయగలిగింది 10.3 మీటర్లే. ఆపైన వెయ్యి హెచ్‌పీ పెట్టినా ఫలితం ఉండదు. 1643లో ఇటలీ శాస్త్రవేత్త టోరిచెల్లి నీళ్ల బదులు పాదరసం వాడి ఈ హద్దును చేతికందే ఎత్తులో చూపించాడు. పాదరసం నీటికన్నా 13.6 రెట్లు బరువు కాబట్టి స్తంభం 76 సెంటీమీటర్ల దగ్గరే ఆగింది. అయిదేళ్ల తర్వాత ఫ్రెంచి శాస్త్రవేత్త పాస్కల్ కోరికపై ఆయన బావ పెరియే పాదరసపు గొట్టాన్ని పుయ్ ద డోమ్ కొండ మీదికి తీసుకెళ్తే స్తంభం ఇంకా పొట్టిదైంది. తోస్తున్నది పైనున్న గాలే అనడానికి అంతకన్నా రుజువు అక్కర్లేదు.

మరి 9 మీటర్లు 10.3 కన్నా తక్కువే కదా అంటారు. అసలు లెక్క చూద్దాం. 30 డిగ్రీల నీటి బాష్పపీడనం 4.2 కిలోపాస్కల్‌లు. పీడనం అంతకన్నా తగ్గితే పైపులోనే నీళ్లు మరగడం మొదలవుతుంది కాబట్టి అక్కడ 0.4 మీటర్లు పోయాయి. సక్షన్ పైపు అడుగున నీళ్లు వెనక్కి జారకుండా ఆపే ఫుట్ వాల్వ్, జాలీ, బెండులు, పైపు ఘర్షణ కలిపి మరో మీటరు అనుకోండి. పంపు నోటి దగ్గర నీళ్లు మరగకుండా దాని లోపల తిరిగే రెక్కల చక్రమైన ఇంపెల్లర్‌లోకి వెళ్లాలంటే ప్రతి పంపుకూ కొంత పీడనం మిగిలి ఉండాలి. మామూలు పంపులకు ఇది 2 నుంచి 3 మీటర్ల దాకా ఉంటుంది. అన్నీ తీసేస్తే 6 నుంచి 7 మీటర్లు మిగులుతాయి. సముద్రమట్టానికి 1000 మీటర్ల ఎత్తున ఉన్న చోటైతే వాతావరణం తోసే శక్తే ఇంకో 1.2 మీటర్లు తగ్గుతుంది. రెండు హెచ్‌పీ పంపు ఎక్కువ నీళ్లు కోరుతుంది కాబట్టి పాత పైపులో ఘర్షణ ఇంకా పెరిగి, ఉన్న కాస్త అవకాశమూ పోతుంది.

హద్దుకు దగ్గరగా నడిపితే పంపులోంచి గులకరాళ్లు దొర్లుతున్నట్టు చప్పుడొస్తుంది. అది క్యావిటేషన్. పీడనం తగ్గిన చోట పుట్టిన ఆవిరి బుడగలు పీడనం పెరిగిన చోటికి చేరగానే ఒక్కసారిగా కూలి, ఇంపెల్లర్ లోహాన్ని గుంటలు పడేలా కొరికేస్తాయి. ఆ చప్పుడు వింటూ కూడా పంపును నడపడం మంచిది కాదు.

చేయదగినవి ఇవి. పంపును కిందికి దించి, నీటిమట్టానికి 5 మీటర్ల లోపు ఎత్తులో గట్టి వేదిక మీద పెట్టండి. నీళ్లు పైకి వెళ్లే డెలివరీ వైపు ఎత్తుకు ఈ హద్దు లేదు, అటు పంపు తన శక్తి మేరకు నిజంగానే తోస్తుంది. దించడం కుదరకపోతే జెట్ పంపు గానీ సబ్‌మెర్సిబుల్ గానీ వేయాలి. సబ్‌మెర్సిబుల్ నీటి అడుగున ఉండి కిందినుంచి తోస్తుంది కాబట్టి 10.3 మీటర్ల హద్దుతో దానికి పనిలేదు. సక్షన్ పైపు డెలివరీ పైపు కన్నా ఒక సైజు పెద్దదిగా, బెండులు తక్కువగా ఉండాలి. ప్రవాహం తగ్గించాలంటే డెలివరీ వాల్వునే తిప్పాలి, సక్షన్ వైపు వాల్వును ఎన్నడూ సగం మూయకూడదు.

ఇంకో సంగతి. సక్షన్ పైపులో లీకు ఉన్నా నీళ్లు బయటికి కారవు. లోపలి పీడనం బయటికన్నా తక్కువ కాబట్టి గాలే లోపలికి వెళ్తుంది, కంటికేమీ కనబడదు. పంపు నీళ్లు అందుకుని మళ్లీ వదిలేస్తుంటే మొదట అనుమానించాల్సింది దీన్నే. పంపు ఆపేసి, డెలివరీ పైపు నిండా నీళ్లు ఉండగా సక్షన్ జాయింట్లు తడిమి చూడండి. పంపుకూ డెలివరీ పైపుకూ మధ్య నీళ్లను వెనక్కి రానివ్వని నాన్ రిటర్న్ వాల్వు లేకపోతే, ఫుట్ వాల్వ్ సరిగా పట్టి ఉంటే, పైనున్న నీటి బరువు సక్షన్ పైపు మీద పడి గాలి పీల్చే జాయింటు ఇప్పుడు చెమ్మగిల్లుతుంది. పంపు నడిపే ముందు పోసే ప్రైమింగ్ నీళ్లు నిమిషాల్లో దిగిపోతుంటే, పైన జాయింట్లన్నీ పొడిగానే ఉంటే, ఫుట్ వాల్వ్‌లో చెత్త ఇరుక్కుంది.

ప్రశ్న: కుక్కర్ విజిల్ వచ్చాక మంట పెంచితే ఇంకా త్వరగా ఉడుకుతుందా? అంత చిన్న వెయిట్ అంత పీడనాన్ని ఎలా ఆపుతుంది?

జవాబు: త్వరగా ఉడకదు. వెయిట్ ఎంత పీడనం దగ్గర లేవాలో దాని బరువే నిర్ణయిస్తుంది. రంధ్రం వ్యాసం 3 మిల్లీమీటర్లనుకుంటే వైశాల్యం 7 చదరపు మిల్లీమీటర్లు. లోపల బయటికన్నా 100 కిలోపాస్కల్‌లు ఎక్కువ ఉంటే ఆ రంధ్రం మీద పడే బలం 0.7 న్యూటన్‌లు మాత్రమే. దాన్ని ఆపడానికి 72 గ్రాములు చాలు. ఇక అదే పీడనం 22 సెంటీమీటర్ల మూత మీద వేసే బలం 3800 న్యూటన్‌లు, అంటే దాదాపు 390 కిలోల బరువు. పీడనం దిగకముందు మూత తెరవకూడదని చెప్పడానికి ఈ ఒక్క అంకె చాలు.

లోపల మొత్తం పీడనం సుమారు 200 కిలోపాస్కల్‌లు, ఆ పీడనం దగ్గర నీళ్లు 120 డిగ్రీల దగ్గర మరుగుతాయి. ఉడకడాన్ని వేగిరపరిచేది ఈ ఉష్ణోగ్రతే. వెయిట్ లేచాక మంట పెంచితే అదనపు వేడంతా ఆవిరై బయటికి పోతుంది, అడుగున నీళ్లు ఇంకిపోయి మాడుతుంది. వెయిట్ మెల్లగా కదిలేంత మంట ఉంటే సరి.

మొదట్లోనే వెయిట్ పెట్టేయడం వల్ల ఒక నష్టం ఉంది. లోపలి గాలి బయటికి పోకపోతే మొత్తం పీడనంలో గాలి వాటా కొంత ఉంటుంది, ఆవిరి వాటా తగ్గుతుంది. పీడనం 200 ఉన్నా ఉష్ణోగ్రత 120కి చేరదు. రంధ్రంలోంచి ఆవిరి నిలకడగా ఒక ధారలా వచ్చాక వెయిట్ పెట్టడం సరైన పద్ధతి. అలా ఆవిరి వస్తోందంటే రంధ్రం మూసుకుపోలేదని కూడా తెలుస్తుంది. మూడింట రెండు వంతులకు మించి నింపకూడదు. పొంగేవి, నురగ వచ్చేవి అయితే సగానికే ఆపాలి. నురగ వెంట వచ్చిన తొక్కలు రంధ్రాన్ని మూసేస్తే పీడనం ఆపడానికి ఇక సేఫ్టీ వాల్వు ఒక్కటే దిక్కు. అందులోని తక్కువ వేడికే కరిగే లోహం కరిగి దారి ఇస్తుంది. కరిగిపోయిన వాల్వు స్థానంలో ఆ మోడల్‌కు చెప్పిన వాల్వే వేయాలి, స్క్రూతో మూసి వాడడం ప్రాణాంతకం.

బలవంతంగా తెరిస్తే జరిగేది మూత ఎగరడం ఒక్కటే కాదు. 120 డిగ్రీల నీళ్ల మీద పీడనం హఠాత్తుగా పడిపోతే అవి 100 డిగ్రీలకు దిగేదాకా భగ్గున మరుగుతాయి. ప్రతి లీటరు నీటిలో సుమారు 37 గ్రాములు ఆవిరవుతాయి. ఆ ఆవిరి 60 లీటర్ల చోటు కోరుతుంది. అదే లోపలున్నదాన్నంతా మీదికి చిమ్ముతుంది. దీనికి విరుద్ధంగా, పూర్తిగా చల్లారాక కొన్నిసార్లు మూత అసలు రాదు. ఆవిరి నీరై లోపల పీడనం బయటికన్నా తగ్గిపోయింది కాబట్టి వాతావరణం మూతను అదిమి పట్టింది. వెయిట్ ఎత్తి గాలిని లోపలికి పంపితే వదులుతుంది.

ఎత్తైన ప్రదేశంలో వంట గురించి ఇంకొకరు అడిగారు. 3000 మీటర్ల దగ్గర బయటి పీడనం సుమారు 70 కిలోపాస్కల్‌లు, మామూలు గిన్నెలో నీళ్లు 90 డిగ్రీలకే మరుగుతాయి. కుక్కర్ వెయిట్ బయటిదానికి 100 కలుపుతుంది, అంతే. కాబట్టి లోపల 170, ఉష్ణోగ్రత 115. సమయం కొంచెం పెంచుకోవాలి.

ప్రశ్న: దూరం ప్రయాణించాక టైరులో గాలి చూస్తే 32 ఉండాల్సింది 36కి పైగా ఉంది. కొంత తీసేయాలా? నైట్రోజన్ నింపితే ఇలా పెరగదంటారు, నిజమా?

జవాబు: తీసేయకండి. గేజి చూపేది లోపలి పీడనం కాదు, లోపలికీ బయటికీ ఉన్న తేడా. 32 పీఎస్ఐ అంటే మొత్తం పీడనం 46.7. టైరు 27 డిగ్రీల నుంచి 57 డిగ్రీలకు వేడెక్కితే కెల్విన్ కొలతలో (డిగ్రీలకు 273 కలిపితే వచ్చేది) 300 నుంచి 330, పదో వంతు పెరిగింది. 46.7 కూడా పదో వంతు పెరిగి 51.4 అవుతుంది, గేజి 36.7 చూపుతుంది. కంపెనీ చెప్పే అంకె చల్లని టైరుకు. వేడిగా ఉన్నప్పుడు 32కు దించితే చల్లారాక 28 కన్నా కిందికి పడుతుంది. గాలి తగ్గిన టైరు పక్కలు ప్రతి చుట్టుకూ ఎక్కువ వంగి, ఆ వంగడంలోనే వేడెక్కి, చివరికి పొరలు విడిపోతాయి. బండి కనీసం మూడు గంటలు ఆగి ఉన్నాక, ఎండ తగలని చోట చూడడం మేలు.

గాలిలో 78 శాతం నైట్రోజనే. పొడి గాలి, నైట్రోజన్ రెండూ వేడికి ఒకేలా వ్యాకోచిస్తాయి. తేడా వచ్చేది తేమ వల్ల మాత్రమే, రోజువారీ వాడకంలో దాన్ని పట్టించుకోనక్కర్లేదు.

ప్రశ్న: ఇంట్లో బీపీ యంత్రం ఒక్కోసారి పది అంకెలు తేడాగా చూపిస్తోంది. యంత్రం పాడైందా?

జవాబు: చెయ్యి ఎక్కడ పెడుతున్నారో ముందు చూడండి. రక్తం కూడా ద్రవమే. పట్టీ గుండె మట్టానికి 10 సెంటీమీటర్లు కింద ఉంటే అంకె దాదాపు 8 పెరుగుతుంది, పైన ఉంటే అంతే తగ్గుతుంది. చెయ్యి బల్ల మీద ఆనించి, పట్టీ గుండెకు సమానంగా ఉండేలా కూర్చోండి. వీపు కుర్చీకి ఆనాలి, పాదాలు నేల మీద ఉండాలి, అయిదు నిమిషాలు మాటల్లేకుండా ఉండాలి. చేతికి చిన్నదైన పట్టీ అసలు కన్నా ఎక్కువ చూపిస్తుంది. ఇవన్నీ సరిచేసినా తేడా వస్తుంటే వైద్యుడి దగ్గరి పరికరంతో పోల్చి చూడాలి.

ప్రశ్న: గ్యాస్ సిలిండర్‌కు ప్రెషర్ గేజి బిగిస్తే ఎంత మిగిలిందో తెలుస్తుందా?

జవాబు: తెలియదు. వంటగ్యాస్ లోపల ద్రవంగా ఉంటుంది, పైన దాని ఆవిరి. ద్రవం ఒక్క గ్లాసు మిగిలినా, సిలిండర్ నిండుగా ఉన్నా ఒకే ఉష్ణోగ్రత దగ్గర ఆవిరి పీడనం దాదాపు ఒకటే. 20 డిగ్రీల దగ్గర ప్రొపేన్‌కు సుమారు 8 బార్, బ్యూటేన్‌కు 2 బార్. మీ సిలిండర్‌లో ఈ రెండింటి మిశ్రమం ఉంటుంది. ద్రవం పూర్తిగా అయిపోయాకే గేజి ముల్లు పడడం మొదలవుతుంది, అప్పటికి తెలిసి ప్రయోజనం లేదు. నమ్మదగింది తూకమే. సిలిండర్ మీద అచ్చువేసిన ఖాళీ బరువు తీసేస్తే మిగిలింది గ్యాస్.

పెద్ద బర్నర్లు చాలాసేపు వెలిగించినప్పుడు మంట నీరసించి, సిలిండర్ బయట చెమ్మ పట్టడం చూస్తుంటారు. ద్రవం ఆవిరయ్యేందుకు కావలసిన వేడిని తననుంచే తీసుకుని చల్లబడుతుంది, చల్లబడితే పీడనం పడిపోతుంది. కాసేపు ఆపితే కోలుకుంటుంది. పీడనం పెంచుదామని సిలిండర్‌ను వేడి చేయడం, అడ్డంగా పడుకోబెట్టడం రెండూ ప్రమాదమే. పడుకోబెడితే రెగ్యులేటర్‌లోకి ఆవిరికి బదులు ద్రవం దూరుతుంది.

ప్రశ్న: కారు బ్రేకు పెడల్ స్పాంజిలా మెత్తగా దిగుతోంది. రెండు మూడుసార్లు తొక్కితే గట్టిపడుతోంది. ఆయిల్ మట్టం సరిగానే ఉంది.

జవాబు: లైనులో గాలి చేరింది. పెడల్ తోసే మాస్టర్ సిలిండర్ పిస్టన్ వ్యాసం 20 మిల్లీమీటర్లు, చక్రం దగ్గరిది 50 మిల్లీమీటర్లు అనుకుంటే వైశాల్యాల నిష్పత్తి 6.25. ద్రవం పీడనం రెండు చోట్లా ఒకటే కాబట్టి బలం అన్ని రెట్లు పెరుగుతుంది, కదలిక అన్ని రెట్లు తగ్గుతుంది. చక్రం దగ్గర పిస్టన్ కదలాల్సింది మిల్లీమీటరులో కొద్ది భాగమే కాబట్టి ఇది చక్కగా పనిచేస్తుంది, ద్రవం నలగనంత వరకు. గాలి నలుగుతుంది. మీరు తొక్కిన దూరమంతా ముందు బుడగను నొక్కడానికే సరిపోతుంది.

గాలి ఎలా వచ్చిందో వెతకాలి. పైపు విప్పి బిగించినప్పుడు రావచ్చు, సీలు అరిగి రావచ్చు. దిగుడు దారిలో ఎక్కువసేపు బ్రేకు తొక్కాకే ఇలా అవుతుంటే అది గాలి కాదు, ఆవిరి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ చేరాక ఆ హద్దు 155కు పడిపోతుంది. అందుకే మట్టం సరిగా ఉన్నా ఆయిల్ మార్చే గడువు దాటకూడదు. బ్లీడింగ్ (లైనులోని గాలిని తీసేయడం) చేసేటప్పుడు పెడల్ తొక్కి ఉంచి, చక్రం దగ్గర గాలి వదిలే నిపుల్ వదులు చేయాలి, నిపుల్ బిగించాకే పెడల్ వదలాలి. వరస తప్పితే పోయిన గాలే మళ్లీ లోపలికి వస్తుంది. నిపుల్‌కు తగిలించిన పారదర్శక గొట్టం కొస సీసాలోని ఆయిల్‌లో మునిగి ఉండాలి, గొట్టంలో బుడగలు పూర్తిగా ఆగేదాకా కొనసాగించాలి. ఈలోగా రిజర్వాయర్ ఖాళీ కాకుండా పోస్తూ ఉండండి. పెడల్ గట్టిపడేదాకా ఆ బండిని రోడ్డు ఎక్కించకండి.